పాలు మానేశాక ఈ చిరాకేమిటి?

ప్రశ్న: ఏడాదిన్నరగా పాలు, పెరుగు, నెయ్యి కూడా మానేసి వీగన్‌గా ఉంటున్నాను. మొదట్లో మనసు తేలికపడింది. ఇప్పుడు చీటికీమాటికీ చిరాకు, నిస్సత్తువ. పండక్కి అత్తగారు పెట్టిన నేతి బొబ్బట్టు కాదనలేక తిన్నా, తప్పు చేశానన్న బాధ పోవడం లేదు.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చిరాకును మనస్సాక్షి ఖాతాలో వేసేముందు రక్తంలో బి12 చూపించుకోండి. మాత్రలు మొదలుపెట్టకముందే సుమా, తర్వాతైతే లెక్క మారిపోతుంది. మొక్కల ఆహారంలో ఈ విటమిన్ నమ్మదగినంత దొరకదు. కాలేయంలోని నిల్వ కొన్నాళ్లు నెట్టుకొస్తుంది కాబట్టి లోటు ఆలస్యంగా బయటపడుతుంది. పైగా ఆకుకూరల్లోని ఫోలేట్ అనే మరో విటమిన్ ఈ లోటువల్ల వచ్చే రక్తహీనతను కప్పిపెట్టవచ్చు. హిమోగ్లోబిన్ బాగుందని ఊరుకుంటే నరాలు దెబ్బతినే ప్రమాదముంది. అరికాళ్లలో తిమ్మిర్లుంటే వెంటనే డాక్టరును కలవండి. లోటుంటే మోతాదు ఆయనే చెప్పాలి. లేకపోయినా రోజుకు 10 మైక్రోగ్రాముల మాత్ర తప్పదు. పనిలోపనిగా ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ కూడా చూపించండి.

ఇక బొబ్బట్టు. 1944లో బ్రిటన్‌లో పుట్టిన వీగన్ సొసైటీ నిర్వచనమే ‘వీలైనంత మేరకు’ అంటుంది. మీరు అంతకన్నా కఠినంగా ఉండనక్కర్లేదు. పూర్ణం శనగపప్పు, బెల్లమే. పిండి నానేదీ నూనెలోనే. మీ నాలుగింటినీ ముందుగా నువ్వులనూనెతో కాల్చమని పండక్కి వారం ముందే అడగండి. విస్తరి ముందు కూర్చున్నాక చెబితేనే పేచీ.