గోడల షెడ్యూల్ చూపే లెక్క, బిల్లుకెక్కే లెక్క

ప్రశ్న: మూడంతస్తుల ఇంటిని రెవిట్‌లో (భవనాలను త్రీడీలో గీసే సాఫ్ట్‌వేర్) మోడల్ చేశాను. గోడల షెడ్యూల్ (మోడల్ నుంచి వచ్చే కొలతల పట్టిక) పెడితే ఒక్కో ముక్కకూ ఒక్కో వరుస వచ్చి పట్టిక చాంతాడంత అయింది. రకాల వారీగా కలిపితే పొడవు, వైశాల్యం గడులు ఖాళీ అయిపోతున్నాయి. ఎక్కడ తప్పుతున్నాను?
– డ్రాఫ్ట్స్‌మన్, విజయవాడ

జవాబు: మీరు సగం దాకా సరిగ్గానే వచ్చారు. వ్యూ ట్యాబ్‌లో షెడ్యూల్స్, అందులో షెడ్యూల్/క్వాంటిటీస్ తెరిచి వాల్స్ ఎంచుకోండి. ఫీల్డ్స్‌లోకి బేస్ కన్‌స్ట్రెయింట్ (గోడ ఏ అంతస్తు నుంచి మొదలవుతుందో అది), ఫ్యామిలీ అండ్ టైప్ (గోడ రకం), విడ్త్, లెంగ్త్, ఏరియా, వాల్యూమ్ తెచ్చుకోండి. సార్టింగ్/గ్రూపింగ్‌లో మొదట బేస్ కన్‌స్ట్రెయింట్ పెట్టి దానికి హెడర్, ఫుటర్ టిక్ చేయండి. దాని కింద ఫ్యామిలీ అండ్ టైప్ పెట్టండి. అడుగున ఐటమైజ్ ఎవ్రీ ఇన్‌స్టన్స్ టిక్ తీసేస్తే అంతస్తుకు రకానికో వరుస చొప్పున మిగులుతుంది.

గడి ఖాళీ కావడానికి కారణం ఒక్కటే. ఆ వరుసలో కలిసిన గోడల పొడవులు వేర్వేరుగా ఉన్నాయి, కలిపి చూపమని మీరు చెప్పలేదు. ఫార్మాటింగ్ ట్యాబ్‌లో లెంగ్త్, ఏరియా, వాల్యూమ్ మూడింటికీ విడివిడిగా కాలిక్యులేట్ టోటల్స్ పెట్టండి. ఒకే రకం గోడల మందం ఒకటే కాబట్టి విడ్త్‌కు ఆ పని లేదు.

ఒక జాగ్రత్త. గోడను నేల నుంచి పై అంతస్తు దాకా ఒకే ముక్కగా గీసి ఉంటే, ఆ లెక్కంతా గ్రౌండ్ ఫ్లోర్ ఖాతాలోనే పడుతుంది. అంతస్తును బట్టి రేటు మారే పనుల్లో ఇది బిల్లును నేరుగా దెబ్బతీస్తుంది. గోడను అంతస్తు అంతస్తుకూ విడగొట్టి గీయడమే పద్ధతి. పాత ఇంటికి మార్పులు చేసే పనైతే షెడ్యూల్ ప్రాపర్టీస్‌లో ఫేజ్ ఫిల్టర్ (పాతవి, కొత్తవి, కూల్చేవి వీటిలో ఏవి చూపాలో చెప్పేది) కూడా చూడండి. అది షో ఆల్‌లో ఉంటే కూల్చేయబోయే గోడలు కూడా మొత్తంలో చేరతాయి.

ప్రశ్న: రెవిట్ ఇచ్చిన ప్లాస్టరింగ్ వైశాల్యం, మా సైట్ ఇంజనీరు కొలతల పుస్తకంలో రాసిన వైశాల్యం ఎప్పుడూ కలవవు. రెవిట్‌దే తక్కువ. ఎవరిది తప్పు?
– చిన్న కాంట్రాక్టర్, ఖమ్మం

జవాబు: ఇద్దరిదీ కాదు. రెవిట్ ఉన్న ఆకారాన్ని ఉన్నట్టు కొలుస్తుంది. తలుపు, కిటికీ, వెంటిలేటర్ ఎంత చిన్నదైనా పూర్తిగా తీసేస్తుంది. మన బిల్లులు నడిచేది ఐఎస్ 1200 (కట్టడం పనుల కొలతలకు భారతీయ ప్రమాణం) ప్రకారం. అందులో 12వ భాగం ప్లాస్టరింగ్ గురించి చెప్పేది ఇదీ: 0.5 చదరపు మీటరు దాటని ఖాళీకి తగ్గింపు లేదు. 0.5 దాటి 3 చదరపు మీటర్ల దాకా ఉంటే ఒక వైపే తగ్గించాలి, ఖాళీ చుట్టూ లోపలి అంచులకు చేసిన పూత విడిగా కలపకూడదు. 3 దాటితే రెండు వైపులా తగ్గించి, ఆ అంచుల పూతను కలపాలి.

4.00 మీటర్ల పొడవు, 3.00 మీటర్ల ఎత్తున్న గోడ తీసుకోండి. తలుపు 0.9 × 2.1, అంటే 1.89. కిటికీ 1.5 × 1.2, అంటే 1.80. వెంటిలేటర్ 0.6 × 0.45, అంటే 0.27. రెవిట్ ఏరియా 12.00 – 3.96 = 8.04, రెండు వైపులా 16.08. నియమం ప్రకారమైతే 24.00లోంచి తలుపు, కిటికీ ఒక్కసారే తగ్గించి, వెంటిలేటర్‌ను వదిలేస్తాం. వచ్చేది 20.31 చదరపు మీటర్లు. ఒక్క గోడ మీదే తేడా 4.23. ఇల్లంతా లెక్కేస్తే ఎంత పోతుందో మీకే తెలుసు.

దీన్ని షెడ్యూల్‌తోనే రాబట్టవచ్చు. గోడ రకంలో ఎడిట్ స్ట్రక్చర్‌కు వెళ్లి ప్లాస్టర్‌ను రెండు వైపులా లేయర్లుగా పెట్టండి. లోపలి పూతకూ బయటి పూతకూ మెటీరియల్ పేర్లు వేరుగా ఉండాలి. తర్వాత మెటీరియల్ టేకాఫ్‌లో (పదార్థాల వారీగా లెక్క చూపే షెడ్యూల్) వాల్స్ తీసుకుని మెటీరియల్ నేమ్, మెటీరియల్ ఏరియా పెట్టండి. పక్కన తలుపులకూ కిటికీలకూ చెరో షెడ్యూల్ చేసి, వెడల్పు × ఎత్తు అనే కాలిక్యులేటెడ్ వాల్యూ కలిపి, దాని ప్రకారమే సార్ట్ చేయండి. 0.5 లోపువి ఒక కొసన, 3 దాటినవి మరో కొసన చేరతాయి. టేకాఫ్ మొత్తానికి 0.5 లోపు ఖాళీలను రెండుసార్లు, మధ్యవాటిని ఒకసారి తిరిగి కలపండి. పై గోడకు చూడండి: 16.08 + 3.69 + 0.54 = 20.31.

లోపలా బయటా వేర్వేరు పూత అయితే మధ్య రకం (0.5 నుంచి 3 చదరపు మీటర్ల) ఖాళీని ఎక్కడ తగ్గించాలన్న తగాదా వస్తుంది. ఫ్రేము పక్కన అంచు వెడల్పు ఏ వైపు తక్కువో ఆ వైపు తగ్గించాలి. రెండు వైపులా సమానమైతే చెరి సగం.

కాలిక్యులేటెడ్ వాల్యూలో టైప్‌ను ఏరియాగా పెట్టండి. నంబర్‌గా వదిలేస్తే యూనిట్లు కలవలేదని లోపం చూపిస్తుంది. ఫీల్డు పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం కూడా ఉన్నది ఉన్నట్టే ఉండాలి. మీ డోర్ ఫ్యామిలీలో విడ్త్ అన్నది గోడలోని ఖాళీయా, రెక్క వెడల్పా అన్నది మోడల్లో ఒకసారి కొలిచి తేల్చుకోండి. రెక్క వెడల్పే అయితే లెక్కంతా తప్పుతుంది.

ఇటుక పనికి నియమం వేరు. ఐఎస్ 1200 మూడో భాగం ప్రకారం 0.1 చదరపు మీటరు దాకా ఉన్న ఖాళీకే మినహాయింపు. కాబట్టి పై వెంటిలేటర్ కూడా తగ్గాల్సిందే, ఇటుక లేయర్ వాల్యూమ్ దాదాపు అలాగే వాడుకోవచ్చు. నాలుగున్నర అంగుళాల గోడను మాత్రం ఘనపు మీటర్లలో కాక చదరపు మీటర్లలో రాయాలి.

ప్రశ్న: ఇటుక పని మోడల్లో ఎక్కువ చూపిస్తోంది, సైట్లో అంత ఇటుక పట్టలేదు. కారణం?
– సైట్ ఇంజనీర్, వరంగల్

జవాబు: ముందు బీముల దగ్గర చూడండి. గోడ పైకొసను పై లెవెల్‌కు తగిలిస్తే అది బీములోకి దూరుతుంది, అదే చోటు కాంక్రీటులోనూ ఇటుకలోనూ లెక్కకొస్తుంది. 450 మిల్లీమీటర్ల బీము కింద 4 మీటర్ల తొమ్మిదంగుళాల గోడ ఉంటే 4 × 0.45 × 0.23, అంటే 0.414 ఘనపు మీటర్లు అదనం. టాప్ ఆఫ్‌సెట్‌లో మైనస్ 450 పెట్టండి, లేదా మాడిఫై ట్యాబ్‌లోని జాయిన్ జామెట్రీతో గోడనూ బీమునూ కలపండి. గోడే బీమును కోసేస్తే స్విచ్ జాయిన్ ఆర్డర్‌తో తిప్పండి. స్తంభాల దగ్గరా ఇదే పరీక్ష చేయండి.

లింటెల్స్ (తలుపులు, కిటికీల పైన వేసే కాంక్రీటు దూలాలు) మోడల్లో లేకపోతే అవీ ఇటుకగానే లెక్కకొస్తాయి. 1.5 మీటర్ల కిటికీకి చెరో వైపు 150 మిల్లీమీటర్ల ఆనికతో, 150 మందంతో వేసిన లింటెల్ 1.8 × 0.15 × 0.23, అంటే 0.062 ఘనపు మీటర్లు.

గోడను బీము కిందికి దించగానే బీము పక్కల పూత టేకాఫ్‌లోంచి పోతుంది. పై గోడకే వైపుకు 1.80 చదరపు మీటర్లు. దాన్ని విడిగా కలపడం మర్చిపోవద్దు.

ప్రశ్న: మా ఆఫీసులో ఆటోక్యాడ్ ఒక్కటే ఉంది. అందులో ఇలాంటి పట్టిక వస్తుందా?
– డిప్లొమా విద్యార్థి, కర్నూలు

జవాబు: పొడవుల దాకా వస్తుంది. గోడకు గీసిన రెండు గీతలను వాడితే పొడవు రెట్టింపవుతుంది. వాటిని వదిలేసి, మధ్యరేఖను పాలీలైన్‌గా విడి లేయర్ మీద గీయండి. మందానికీ ఎత్తుకూ ఒక్కో లేయర్ ఉంచితే మేలు, ఎందుకంటే ప్లాన్‌లోని గీతకు ఎత్తు తెలియదు. ఒకదానిపై ఒకటి పడ్డ గీతలను ఓవర్‌కిల్ కమాండ్‌తో తీసేసి, డేటా ఎక్‌స్ట్రాక్షన్‌లో లేయర్, లెంగ్త్ తీసుకుని టేబుల్‌గా పెట్టండి. డ్రాయింగ్ మిల్లీమీటర్లలో ఉంటే వెయ్యితో భాగించాలి. ఒక గోడ మరో గోడ మధ్యలో వచ్చి తగిలే ప్రతి చోటా సగం మందం తగ్గించాలి. తొమ్మిదంగుళాల గోడకు అది 0.115 మీటరు. మూలల దగ్గర తగ్గింపు అక్కర్లేదు.