హ్యూస్టన్‌లో మంచు, వాషింగ్టన్‌లో పదవులు

(డిసెంబర్ 2008)

ప్రశ్న: పోయిన బుధవారం రాత్రి మా పెరట్లో మంచు పడింది! ఇక్కడికొచ్చి ఎనిమిదేళ్ళయింది, బీరువాలో ఒక్క చలికోటు కూడా లేదు. హ్యూస్టన్‌లో మంచేమిటండీ?
– ఒక పాఠకురాలు, షుగర్‌ల్యాండ్

జవాబు: నేనూ హవాయి చెప్పులతో వాకిట్లోకి పరిగెత్తినవాణ్ణే, కాబట్టి మిమ్మల్ని చూసి నవ్వను. మా పక్కింటి కప్పుకి ఐక్ తుఫాను సెప్టెంబర్‌లో పెట్టిన చిల్లు ఇంకా పూడలేదు. ఇన్సూరెన్సువాళ్ళ కోసం ఎదురుచూస్తూ నీలం పట్టా కప్పుకుని కూర్చున్నారు, ఆ పట్టా మీద ముగ్గుపిండి చల్లినట్టు పడింది మంచు. మూడు నెలల్లో ఒకే కప్పు మీద తుఫానూ, మంచూ!

మనకి మంచు పడకపోవడానికి చలి లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఉత్తరం నుంచి చలిగాలి దిగితే అది పొడిగా వస్తుంది, గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి తేమ వస్తే వెచ్చగా వస్తుంది, రెండూ ఒకే రాత్రి ఒకే చోట కలవడం అరుదు. ఈసారి పైన ఆకాశంలో బాగా చల్లటి అల్పపీడనం ఒకటి నడిచి వచ్చింది, కింద తేమ సిద్ధంగా ఉంది. డిసెంబర్ 10 అంటే ఈ ఊళ్ళో ఇంత తొందరగా మంచు పడ్డది 1944లో ఒక్కసారే, అదీ సరిగ్గా ఇదే తేదీన. ఇక 1895 ఫిబ్రవరిలో ఏకంగా 20 అంగుళాలు పడిందట, దాని ముందు మనది కొబ్బరి కోరు. 2004 క్రిస్మస్ ముందురాత్రి పడింది గుర్తుందా? అప్పుడు నేను ఇండియాలో ఉన్నాను, ఆ కడుపుమంట మొన్నటితో తీరింది.

ప్రశ్న: "మార్పు, మార్పు" అని గెలిచిన ఒబామా, తీరా చూస్తే క్లింటన్ కాలం వాళ్ళనే మళ్ళీ పిలుస్తున్నాడు. రక్షణ శాఖకి బుష్ పెట్టిన రాబర్ట్ గేట్స్‌నే ఉంచేశాడు. మోసపోయామా?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: నాకు ఓటు లేదు, గ్రీన్‌కార్డే, అయినా పన్ను కడుతున్నాను కాబట్టి నోరుంది. మీ కోపం సగం సరైనదే, కానీ అది తప్పు మనిషి మీద పడుతోంది.

గేట్స్‌ని ఉంచడంలో నాకు తప్పేమీ కనబడలేదు. ఇరాక్‌లో, అఫ్ఘానిస్తాన్‌లో రెండు యుద్ధాలు నడుస్తుండగా వంటవాణ్ణి మార్చి మళ్ళీ ఉప్పెక్కడుందో వెతుక్కోమనడం ఎందుకు? పార్టీ టికెట్టు కోసం తనతో పోటీపడ్డ హిల్లరీకి ఒబామా విదేశాంగం ఇవ్వడాన్ని అందరూ లింకన్‌తో పోలుస్తున్నారు. పోలిక బాగానే ఉంది, 1860లో తనతో పోటీపడిన సీవార్డ్‌ని లింకన్ అదే శాఖలో కూర్చోబెట్టాడు, ఆయనా న్యూయార్క్ సెనేటరే. సీవార్డ్ ఆప్తుడైపోయాడు కూడా. కానీ ఆర్థిక శాఖ పుచ్చుకున్న ఛేజ్ సంగతి ఎవరూ చెప్పరు. ఆయన కుర్చీలో కూర్చునే అధ్యక్ష పదవికి గాలం వేశాడు, అస్తమానం రాజీనామా అంటూ బెదిరించాడు, చివరికి 1864లో లింకన్ ఆ రాజీనామా పుచ్చేసుకుని, కొన్ని నెలలు పోయాక ఆయన్నే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిని చేశాడు. మన దగ్గర దీన్ని బుజ్జగింపు అంటాం, ఇక్కడ రాజనీతి అంటారు.

నాకు నిద్ర పట్టనిది డబ్బు దగ్గర. బ్యాంకులకీ పెట్టుబడి సంస్థలకీ మధ్య పాతకాలం నుంచి ఉన్న గోడని 1999లో తీసేసినప్పుడు ఆర్థిక మంత్రి లారీ సమ్మర్స్, దాన్ని మెచ్చుకున్నవాళ్ళలో ముందువరసలో ఉన్నాడు. ఆయనే ఇప్పుడు కాబోయే అధ్యక్షుడి ఆర్థిక సలహాదారు, ఆ పదవికి సెనేట్ ముందు నిలబడి జవాబు చెప్పే పని కూడా లేదు. ఖజానాకి, అంటే ఆర్థిక శాఖకి, రాబోయే గైట్నర్ ఆయన కిందే పనిచేసినవాడు, లీమన్ బ్రదర్స్ అనే పెద్ద పెట్టుబడి సంస్థ కూలిన రోజున న్యూయార్క్ ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు న్యూయార్క్ శాఖ) పెద్ద. ఒక్క నవంబర్‌లోనే 5,33,000 ఉద్యోగాలు పోయాయని లెక్క వచ్చింది, మా ఆఫీసులోనూ రెండు కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఇల్లు కాలినప్పుడు వైరింగ్ చేసినవాడికే మళ్ళీ వైరింగ్ అప్పగిస్తే, వాడికే లోపలి తీగలు తెలుసు అంటారు. కావచ్చు, కానీ నేనైతే ఇంకో మేస్త్రీని కూడా పక్కన నిలబెడతాను.

ఒక్క పేరు మాత్రం ముచ్చటగా ఉంది. ఇంధన శాఖకి స్టీవెన్ చూ, భౌతికశాస్త్రంలో 1997 నోబెల్. చమురు మీద బతికే మన ఊరు ఆయన్ని చూసి ఏమంటుందో మరి!

ప్రశ్న: హిల్లరీకి జీతం తగ్గించారట, నిజమేనా?

జవాబు: నిజమే. ఆవిడ సెనేట్‌లో ఉండగా విదేశాంగ మంత్రి జీతం పెరిగింది. అలా తాము సభలో ఉండగా పెరిగిన జీతమున్న పదవిలోకి ఆ సభ్యులే వెళ్ళకూడదని రాజ్యాంగం. అందుకని 1,91,300 డాలర్లని పాత 1,86,600కి దించుతూ కాంగ్రెస్ మొన్ననే తీర్మానం చేసింది. ఇండియాలో మంత్రి కావాలంటే ఆరు నెలల్లో సభలోకి రావాలి, ఇక్కడ సభలోంచి బయటికి పోవాలి!

ప్రశ్న: మన తెలుగువాళ్ళెవరికైనా పదవి వస్తుందంటారా?

జవాబు: వస్తే ఇక్కడున్న సంఘాలన్నీ విడివిడిగా సన్మానాలు చేస్తాయి, ఆ మనిషికి పనిచేసే తీరికుండదు.

ప్రశ్న: మంచు రాత్రి కరివేపాకు కుండీ లోపలపెట్టడం మర్చిపోయాను. ఆకంతా నల్లబడి రాలిపోయింది. పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, పేర్‌ల్యాండ్

జవాబు: ఇంత ముఖ్యమైన ప్రశ్న చివర్లో పెట్టానని తిట్టుకోకండి. కాండం మీద గోటితో చిన్నగా గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది, గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందకి గీరండి. కుండీ గరాజ్‌లోకి తెచ్చి, మట్టి బాగా ఎండితే తప్ప నీళ్ళు పోయకండి, ఎండిన కొమ్మలు ఇప్పుడే కత్తిరించకండి. మా ఇంట్లో ఒకసారి మోడు అనుకుని చెత్తలో పడేద్దామని తీస్తే వేరు దగ్గర రెండు మొటిమల్లాంటి చిగుళ్ళు ఉన్నాయి. మార్చి దాకా పీకొద్దు.