ఏజెన్సీలో కొత్తగా చేరిన ఏఎన్‌ఎంకు

అమ్మాయీ,

పాడేరు వైపు సబ్‌సెంటర్‌లో వేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చేరగానే రిజిస్టర్లు ముందేసుకుని కూర్చోకు. ముందు ఊరూరా మంత్రసాని ఎవరో కనుక్కుని వాళ్లింటికి వెళ్లు. అంబలి ఇస్తే తాగు. మొదటి రోజే "కాన్పులన్నీ ఆస్పత్రిలోనే" అని గద్దిస్తే, నీకు తెలియకుండా ఇంట్లోనే కానిచ్చేస్తారు. ఏ కోడలు నెల తప్పిందో, ఎవరి కాళ్లు వాచాయో, కిందటి కాన్పులో ఎవరికి రక్తం ఆగలేదో నీ ట్యాబ్ కంటే ముందు మంత్రసానికే తెలుస్తుంది.

కడుపు మీద నొక్కడం, లోపల చెయ్యి పెట్టడం, మావి రాలేదని బొడ్డుతాడు లాగడం మాన్పించు. నొప్పులు రావాలని ఆర్‌ఎంపీ చేత సూది వేయించడం అన్నిటికంటే ప్రమాదం, గర్భసంచి చిట్లిపోవచ్చు. నడుము నిమరడం, నడిపించడం, ధైర్యం చెప్పడం ఆమెకే వదిలెయ్. ఆ ఓపిక మన స్టాఫ్‌లో ఎందరికుంది?

రక్తస్రావం గురించి మాత్రం కూర్చోబెట్టి చెప్పు. అరలీటరు దాటితే ప్రమాదమంటే ఆమెకేం అర్థమవుతుంది? అరలీటరు ఎర్రరంగు నీళ్లు పాత చీర ముక్క మీద పోసి, ఎంతమేర తడిసిందో చూపించు. అంత తడిసేదాకా ఆగకుండా, ధార కట్టిందంటే చాలు, 108కు ఫోన్ చేసి డోలీ కట్టించమను. ఆగని రక్తంతో రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. కొండ దిగడానికే అంతసేపు పట్టే ఊళ్లున్నాయి అక్కడ. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం కూడా చెప్పు. అవి గుర్రపువాతానికి, అంటే బీపీ పెరిగి గర్భిణులకు వచ్చే ఫిట్స్‌కు, ముందు గుర్తులు. ఫిట్స్ వచ్చేదాకా ఆగకూడదు.

ఎంత చెప్పినా కొన్ని కాన్పులు ఇంట్లోనే అవుతాయి. సబ్బుతో కడిగిన చేతులు, ఉతికిన గుడ్డ, కొత్త బ్లేడు, ఉడికించిన దారం ఉండాలి. బొడ్డు మీద పసుపు, బూడిద ఏదీ వద్దు. ముర్రుపాలు గంటలోపే పట్టించాలి, స్నానం మర్నాటికి. పురిటి ధనుర్వాతాన్ని అదుపు చేసిన దేశంగా మనకు 2015లో పేరొచ్చింది. టీకాలతో పాటు శుభ్రమైన బ్లేడుకూ అందులో వాటా ఉంది.

గెడ్డలు, అంటే కొండవాగులు, పొంగే కాలంలో నెలలు నిండినవాళ్లను ముందే కిందికి దించు. సాలూరులో గిరిజన గర్భిణులకు పెట్టిన వసతి గృహం లాంటిది దగ్గర్లో ఉందేమో అడుగు. మంత్రసానిని కూడా వెంట పంపు. సర్కారు ఆస్పత్రి కాన్పు గదిలో ఆడతోడును ఉండనివ్వవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. నర్సులు విసుక్కుంటారు కాబట్టి డాక్టరుతో ముందే మాట్లాడి ఉంచు.

ఇంటి కాన్పు చేస్తే మంత్రసానికి చీరో, ధాన్యమో ముడుతుంది. ఆస్పత్రికి తోడు వెళ్తే ఆ రోజు కూలి కూడా పోతుంది. ఎక్కడ కాన్పయినా ఆమెకివ్వాల్సింది ఇవ్వమని ఇంటివాళ్లకు నువ్వే చెప్పాలి. అది ఆగిపోతే రెండోసారి ఎందుకొస్తుంది?

నీ పెద్దమ్మ