చెక్ దేశంలో నాలుగు రోజులు ఉంటే బీరు, భోజనం, చూడాల్సినవి ఎలా సర్దుకోవాలి?

మూడు రోజులు ప్రాగ్‌కి, ఒక రోజు ప్లజెన్‌కి ఇవ్వండి. ప్లజెన్ రైల్లో సుమారు గంటన్నర దూరం. 1842లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా అతను బంగారు రంగు లాగర్ (చల్లగా పులియబెట్టే బీరు) కాచింది అక్కడే. ఆ రకం బీరుకి "పిల్స్‌నర్" అనే పేరు ఆ ఊరి నుంచి వచ్చిందే. బ్రూవరీ టూర్‌లో చల్లటి నేలమాళిగల్లోకి తీసుకెళ్లి, ఓక్ పీపాలోంచి వడకట్టని బీరు పట్టిస్తారు. దాన్ని మాత్రం వదలొద్దు.

గ్లాసు పైన మూడు వేళ్ల మందం నురగ కనిపిస్తే మోసం అనుకోకండి, అక్కడ నురగ కూడా రుచిలో భాగమే. "మ్లీకో" అడిగితే గ్లాసంతా తెల్లగా, దాదాపు నురగే వస్తుంది. ఆ పేరుకి అర్థం పాలు! పాతకాలపు పబ్బుల్లో బల్ల మీద చిన్న కాగితం పెట్టి గ్లాసుకో గీత గీస్తారు. బిల్లుకి ఆ గీతలే లెక్క, కాగితం జాగ్రత్త.

భోజనానికి స్వీచ్కోవా: క్రీమ్ సాస్‌లో బీఫ్, పక్కన మెత్తటి క్నెడ్లీకీ (ఉడికించిన పిండి ముద్ద) ముక్కలు. బీఫ్ తిననివాళ్లు కోడి, బాతు అడగొచ్చు. శాకాహారులకి వేయించిన చీజ్, స్మజెనీ సీర్, చాలాచోట్ల దొరుకుతుంది.

ప్రాగ్‌లోని చార్లెస్ వంతెనకి మాత్రం తెల్లవారుజామునే వెళ్లండి. పదింటికల్లా జాతరే.