వాల్ సిట్, ప్లాంక్‌లతో గుండెకు మేలు జరుగుతుందా, నడుము తగ్గుతుందా?

బీచ్ రోడ్డు దాకా నడవడానికి తీరిక లేదు, ఇంట్లోనే వాల్ సిట్ (గోడకు ఆని కుర్చీలో కూర్చున్నట్టు ఉండటం), ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలపడం) చేస్తే గుండెకు బలం వచ్చి నడుము కొలత తగ్గుతుందా అని అడిగారు. బీపీకి ఇవి బాగా పనిచేస్తాయి. నడుముకు దాదాపు పనిచేయవు.

2023లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో 270 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. కదలకుండా కండరం బిగించి ఉంచే వ్యాయామాలతో పై బీపీ సగటున 8 పాయింట్లు, కింది బీపీ 4 పాయింట్లు తగ్గాయి. నడక, పరుగు లాంటి వాటితో పైది నాలుగున్నర దాకా తగ్గింది.

వాల్ సిట్‌కు గోడకు వీపు ఆనించి, పాదాలు రెండడుగులు ముందుకు పెట్టి కిందికి జారండి. 2 నిమిషాలు అలాగే ఉండాలి, తర్వాత 2 నిమిషాలు విశ్రాంతి. ఇలా 4 సార్లు, వారానికి 3 రోజులు. తొడలు నేలకు సమాంతరంగా రావాలని పట్టుబట్టొద్దు. అంత కిందికి దిగితే కొత్తవాళ్లు రెండో నిమిషం దాకా నిలబడలేరు. మోకాలి దగ్గర 120 డిగ్రీలతో మొదలుపెట్టి, చివరి అర నిమిషం గట్టిగా కష్టపెట్టేంత వరకే దిగండి. మన విశాఖ ఉక్కలో చెమట పాదాలు టైల్స్ మీద జారిపోతాయి, బూట్లు వేసుకోండి.

అందరూ చేసే పొరపాటు ఊపిరి బిగబట్టడం. అప్పుడు బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. పైకి వినిపించేలా అంకెలు లెక్కపెడితే ఊపిరి దానంతటదే ఆడుతుంది. బీపీ అదుపులో లేనివాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి. మాత్రలు సొంతంగా మానేయడం అసలు వద్దు.

ఇక నడుము. ఎనిమిది నిమిషాల బిగింపుకు ఖర్చయ్యే కేలరీలు చాలా తక్కువ. ప్లాంక్‌తో పొట్ట కండరం గట్టిపడుతుంది, దాని మీది కొవ్వు అలాగే ఉంటుంది. కొవ్వు తగ్గాలంటే ముందు కంచంలో అన్నం, వేపుళ్లు తగ్గాలి. టేపును చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక కొలవండి. ఒకరోజు బొడ్డు దగ్గర, ఇంకోరోజు బెల్టు దగ్గర కొలిస్తే లేని తగ్గుదల కనిపిస్తుంది. మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు.

మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గడానికి మాత్రం వేగంగా నడవాల్సిందే, వారానికి 150 నిమిషాలు. బీచ్ దాకా వెళ్లనక్కర్లేదు, పది నిమిషాల చొప్పున మీ వీధిలోనే నడిచినా లెక్కలోకి వస్తుంది.