డాక్టర్ సలహా: ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఛాతీ పట్టేస్తోంది.. చలిగాలి వల్లేనా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 46. మాది అనంతపురం. పదహారేళ్ళుగా బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ళ నుంచి రోజూ పొద్దున ఐదున్నరకి సైకిల్ మీద 20 కిలోమీటర్లు తిరిగొస్తాను. డిసెంబర్ మొదలైనప్పటి నుంచి ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు పట్టేస్తోంది. పైకెక్కి ఆగితే రెండు మూడు నిమిషాల్లో పోతుంది. గ్యాస్ అనుకుని పరగడుపున పాంటాప్రజోల్ వేసుకుంటున్నాను. మా ఆవిడకి ఆస్తమా ఉంది, ఆవిడ ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చి చూశాను, తేడా లేదు. జలుబుకి మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వేసుకుంటున్నాను. మొన్న లిఫ్ట్ పాడై నాలుగో అంతస్తుకి మెట్లెక్కినప్పుడు కూడా అలాగే పట్టేసింది. నిరుడు బీపీ 150/96 ఉందని మాత్ర రాశారు. సైకిల్ తొక్కుతున్నాను కదా అని మూడు నెలలకి మానేశాను. సిగరెట్ అలవాటు లేదు. నాన్నగారు 52 ఏళ్ళకే నిద్రలో పోయారు. ఇంకొకటి, బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ పెట్టించాక స్నానం చేసి రాగానే తల దిమ్ముగా ఉంటోంది. మా అమ్మాయి కూడా అదే మాట అంటోంది. చలికి మఫ్లర్ మంచిదా, మాస్కా? మిరియాల కషాయం తొక్కే ముందు తాగాలా, తర్వాతా? నెలాఖరుకి గ్రూపుతో నంది హిల్స్ వెళ్ళాలి. దమ్ము పెరగడానికి మందు ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మఫ్లర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు సైకిల్ గోడకి ఆనించి, ఇంట్లో ఎవరినైనా వెంటబెట్టుకుని ఇవాళే ఆసుపత్రికి వెళ్ళండి. ఆదివారం వీలు చూసుకుని వెళ్దామనుకోకండి, ఇవాళే.

మీ ఉత్తరం నా చేతికొచ్చేసరికే ఆరు రోజులైంది. ఇది వెబ్‌సైట్‌లో వచ్చేదాకా ఆగకుండా మీకు ముందే మెయిల్ పెట్టమని డెస్క్ వాళ్ళకి చెప్పాను. అయినా ఇక్కడ కూడా రాస్తున్నాను. ఇలాంటి ఉత్తరం రాయకుండానే పొద్దున్నే పాంటాప్రజోల్ మింగి సైకిలెక్కే వాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో తెలియదు కదా.

మిమ్మల్ని చూడకుండా, నాడి పట్టకుండా ఇది ఫలానా జబ్బు అని నేను చెప్పకూడదు, చెప్పను కూడా. కండరం పట్టినా, అన్నవాహికలో మంట ఉన్నా, ఊపిరితిత్తుల వల్ల అయినా ఛాతీ పట్టేయొచ్చు. కానీ మీరు రాసిన తీరు చూడండి. శ్రమ పడినప్పుడు వస్తుంది, ఆగితే పోతుంది. మళ్ళీ ఎక్కితే మళ్ళీ వస్తుంది. వైద్య విద్యార్థి ఎవరైనా ఇది వినగానే యాంజైనా అంటాడు, అంటే గుండె కండరానికి రక్తం చాలక వచ్చే నొప్పి. అపార్ట్‌మెంట్‌లో పాత పైపు పాచి పట్టి సన్నబడిందనుకోండి. ఒక కుళాయి తిప్పితే నీళ్ళు బాగానే వస్తాయి. మూడు ఒకేసారి తిప్పితే ధార సన్నగిల్లుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు మీ గుండెకి ఒక కుళాయి నీళ్ళు చాలు, ఫ్లైఓవర్ మీద మూడూ కావాలి.

అన్నిటికంటే నన్ను కంగారు పెట్టింది లిఫ్ట్ పాడైన రోజు సంగతి. డిసెంబర్‌లో ఫ్లైఓవర్‌కి వచ్చింది ఇప్పుడు నాలుగంతస్తుల మెట్లకే వస్తోందంటే తక్కువ శ్రమకే వస్తోందని అర్థం. రెండు నెలల లోపు కొత్తగా మొదలై, అంతకంతకూ తేలిగ్గా వచ్చే ఛాతీ నొప్పిని మేం గుండెపోటుకి ముందస్తు హెచ్చరికగానే తీసుకుంటాం, కాదని తేలేదాకా.

చలికీ దీనికీ సంబంధం లేదా అంటే ఉంది. చల్లగాలి ముఖానికి తగలగానే చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది, అదే రక్తాన్ని తోయడానికి గుండె ఎక్కువ కష్టపడాలి. దానికి తోడు తెల్లవారుజామున శరీరంలో బీపీ పెంచే హార్మోన్లు ఎలాగూ ఎక్కువే. బెంగళూరు చలి పెద్ద చలేం కాదు. 1884 జనవరిలో ఇక్కడ 7.8 డిగ్రీలకి పడిందని రికార్డుంది, ఇప్పుడు పదిహేనుకే మనం మంకీ క్యాపులు తీస్తున్నాం. కానీ సైకిల్ మీద ఎదురుగాలి తోడైతే ఆ పదిహేనే ముఖానికి ఇంకా చల్లగా కొడుతుంది. మార్చిలో ఎండలు రాగానే ఈ నొప్పి తగ్గినా తగ్గొచ్చు. నా భయం కూడా అదే. తగ్గగానే, చలికే వచ్చిందని మీరు ఖాయం చేసేసుకుంటారు.

ఆస్తమా కాదా అని మీరే పరీక్షించుకున్నారు, ఆవిడ ఇన్‌హేలర్‌తో. చల్లటి పొడిగాలిలో వ్యాయామం చేస్తే కొందరికి శ్వాసనాళాలు ముడుచుకునే మాట నిజమే. కానీ అది సాధారణంగా ఆగాక ఐదు పది నిమిషాలకి ముదురుతుంది, పిల్లికూతలు, దగ్గు ఉంటాయి, సర్దుకోవడానికి అరగంట, గంట పడుతుంది. మీకు ఆగగానే పోతోంది. రెండూ కలిసి ఉండే మనుషులూ ఉన్నారు కాబట్టి ఊపిరితిత్తుల పరీక్ష అక్కర్లేదని అనను. అది గుండె సంగతి తేలాక.

ఇక మీ మందుల గురించి. ఇక్కడ కొంచెం కోప్పడతాను, ఏమనుకోకండి.

మన తెలుగువాళ్ళకి ఛాతీలో ఏదొచ్చినా గ్యాసే. పొట్ట మీద చెయ్యి పెట్టి గ్యాస్ అంటారు, ఛాతీ మీద పెట్టినా గ్యాసే అంటారు, ఎడమ భుజం లాగినా గ్యాస్ తిరిగిందంటారు. పోయిన చలికాలం మా క్లినిక్‌కి ఒకాయన వచ్చారు. కిరాణా కొట్టు, యాభై దాటిన వయసు. కొట్టు షట్టర్ ఎత్తినప్పుడల్లా ఛాతీ పట్టేసేది. రెండు నెలలు సోడా, వాము, పక్క మెడికల్ షాపు మాత్రలు. సోడా తాగాక త్రేన్పు వచ్చేది, నొప్పి పోయేది, అది గ్యాసేనని ఆయనకి గట్టి నమ్మకం. నిజానికి సోడా తాగడానికి కూర్చునేవారు. ఆ కూర్చోవడం వల్ల పోయేది నొప్పి. ఈ వివరం ఆయన భార్య చెప్పింది, ఆయన కాదు. రెండు రక్తనాళాల్లో స్టెంట్లు పడ్డాయి, ఇప్పుడు షట్టర్ కొడుకు ఎత్తుతున్నాడు.

పాంటాప్రజోల్ డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. అమ్ముతున్నారు, కొంటున్నాం. ఆ మాత్ర విషమేమీ కాదు. ఏదో వేసుకుంటున్నాం కదా అన్న ధైర్యం ఇచ్చి ఆరు వారాలు తినేస్తుంది, దాని ప్రమాదం అక్కడ. ఆవిడ ఇన్‌హేలర్‌లో ఉన్నది సాల్బుటమాల్ అయితే అది గుండె వేగాన్ని పెంచుతుంది. ఇప్పుడు మీకు అసలే వద్దనుకున్నది అదే. పైగా ఆస్తమా మనిషి మందు మీరు పీల్చేస్తే, రాత్రి రెండింటికి ఆవిడకి ఆయాసం వచ్చినప్పుడు డబ్బా ఖాళీగా ఉంటే? తిరిగి ఇచ్చేయండి. జలుబు మాత్రల పేరు మీరు రాయలేదు. చాలావాటిలో ఫినైలెఫ్రిన్ ఉంటుంది, ముక్కు దిబ్బడ తగ్గించడానికి రక్తనాళాలను ముడిచే మందు, బీపీని కూడా పెంచగలదు. వాటిలోనే మత్తు తెప్పించే క్లోర్‌ఫెనిరమైన్ కూడా ఉంటే, చీకట్లో రింగ్ రోడ్డు మీద లారీల పక్కన సైకిల్.. చెప్పక్కర్లేదు.

బీపీ మాత్ర మీరే మానేశారు. సైకిల్ వల్ల బీపీ కొంత తగ్గుతుంది, నిజమే. ఎంత తగ్గిందో ఆ తర్వాత ఒక్కసారైనా చూపించుకున్నారా? అలాగని ఈ జవాబు చదివి పాత స్ట్రిప్ వెతికి వేసుకోకండి, ఆసుపత్రిలో చూసి వాళ్ళే మొదలుపెడతారు. పక్కింటాయన ఇచ్చిన సార్బిట్రేట్ (గుండెనొప్పికి ఇచ్చే మాత్ర) నాలుక కింద పెట్టుకోవడం కూడా వద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోయి కింద పడతారు. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందని వాట్సాప్‌లో తిరిగే సందేశం మీకూ వచ్చే ఉంటుంది. అది నమ్మి ఫోన్ చేయాల్సిన నిమిషాలు దగ్గుతూ గడపకండి.

వయసు చిన్నదే కదా, రోజూ వ్యాయామం కదా అంటారు. 2021 అక్టోబర్ 29న కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో పోయినప్పుడు ఆయన వయసు మీ వయసే, 46. ఆ తర్వాత కొన్నాళ్ళు జయదేవ ఆసుపత్రి గుండె పరీక్షలకి వచ్చేవాళ్ళతో కిక్కిరిసిపోయింది. అప్పుడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చిన వాళ్ళలో సగం మందికి ఏ బాధా లేదు, టెన్షన్ తప్ప. మీకు బాధ ఉంది, టెన్షన్ లేదు. వ్యాయామం గుండెకి మంచిదే, కానీ తండ్రి 55 లోపు హఠాత్తుగా పోవడం, మందు లేని బీపీ అనే రెండు లెక్కల్ని అది కొట్టేయదు. షుగరు, కొలెస్ట్రాల్ ఎంతున్నాయో మీరు రాయనే లేదు.

ఆసుపత్రికి ఎలా వెళ్ళాలో చెప్తాను. సైకిల్ మీద వెళ్ళొద్దు, కారు మీరు నడపొద్దు. మారతహళ్లి నుంచి బన్నేరుఘట్ట రోడ్డు జయదేవ దాకా ట్రాఫిక్ సంగతి మీకు తెలుసు. 24 గంటలూ ఈసీజీ, గుండె డాక్టరు, యాంజియోగ్రామ్ సౌకర్యం ఉన్నది మీకు ఏది దగ్గరైతే అక్కడికే వెళ్ళండి. ఎమర్జెన్సీలో గ్యాస్ అన్న మాట ఎత్తకండి. శ్రమ చేస్తే ఛాతీ పట్టేస్తోంది, ఇప్పుడు మెట్లకే వస్తోంది అని చెప్పండి. ఈసీజీ, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష ముందు చేస్తారు. ఊరికే పడుకున్నప్పుడు తీసిన ఈసీజీ నార్మల్ వస్తే ఇంటికొచ్చేయకండి, యాంజైనా ఉన్న చాలామందికి అది నార్మల్‌గానే ఉంటుంది. ఎకో, ట్రెడ్‌మిల్, యాంజియోగ్రామ్‌లలో ఏది అవసరమో చూసిన డాక్టరు నిర్ణయిస్తారు. ఆన్‌లైన్‌లో హెల్త్ చెకప్ ప్యాకేజీ బుక్ చేసి నేరుగా ట్రెడ్‌మిల్ మాత్రం ఎక్కకండి. నొప్పి ముదురుతున్న మనిషిని డాక్టరు చూడకుండా ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించడం ప్రమాదం.

ఈలోగా ఊరికే కూర్చున్నప్పుడు పట్టేసినా, పది నిమిషాల్లో వదలకపోయినా, చెమటలు పట్టినా, దవడకో చేతికో పాకినా వెంటనే 108. యాస్పిరిన్ వేసుకోవచ్చా అని అడుగుతారు. అల్సర్ ఉందో, అలర్జీ ఉందో తెలియకుండా నేను ఇక్కడ రాయలేను, ఆ ఫోన్‌లోనే అడగండి.

గ్యాస్ ఊరికే తిట్టాననుకోకండి, మీ ఇంట్లో అసలైన గ్యాస్ సమస్య ఒకటుంది. అది బాత్‌రూమ్‌లో ఉంది. చలికి కిటికీ మూసి గ్యాస్ గీజర్ వెలిగిస్తే, గాలి చాలక మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. సిలిండర్ లీకైతే తెలియడానికి వాసన కలుపుతారు, దీనికి ఏ వాసనా ఉండదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట ఇది రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తల దిమ్ము, వికారం, ఆ తర్వాత స్పృహ తప్పడం, గడియ పెట్టిన గదిలో. బెంగళూరులో ఇలా చనిపోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. ఇద్దరికీ ఒకే గదిలో ఒకే బాధ వస్తోందంటే నేను ముందు దీన్నే అనుమానిస్తాను. అసలే రక్తం చాలని గుండెకి ఉన్న ఆక్సిజన్ కూడా తగ్గిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఇవాళ నుంచి ఆ గీజర్ వాడకండి. అమ్మాయికి గట్టిగా చెప్పండి. నీళ్ళు స్టవ్ మీద కాచుకోండి, లేదా కరెంటు గీజర్ పెట్టించుకోండి. గ్యాస్‌దే కావాలంటే గీజర్‌ని బాత్‌రూమ్ బయట గాలాడే చోట బిగించి, నీళ్ళ పైపు మాత్రమే లోపలికి తేవాలి. లోపల చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించి సరిపెట్టుకోవద్దు. ఎమర్జెన్సీలో ఈ సంగతి కూడా చెప్పండి.

మీరు అడిగినవి మూడు మిగిలాయి. డాక్టర్లు సరేనన్నాక మళ్ళీ తొక్కే రోజు వచ్చినప్పుడు ముక్కూ నోరూ కప్పే మెడ తొడుగు వేసుకోండి. పీల్చే గాలి కాస్త వెచ్చబడుతుంది. మఫ్లర్ కొసలు చైన్‌లో, చక్రంలో చిక్కుకుంటాయి. ఐదున్నరకి కాకుండా ఎండ పొడ వచ్చాక బయల్దేరండి, మొదటి పది నిమిషాలు నెమ్మదిగా. కషాయం ముందు తాగినా తర్వాత తాగినా ఛాతీకి ఒరిగేదేమీ లేదు. పరగడుపున మిరియాలు ఎక్కువైతే నిజంగానే గుండెల్లో మంట వస్తుంది, అప్పుడు ఏది ఏదో మాకూ తేల్చడం కష్టం. నంది హిల్స్ 1,478 మీటర్ల ఎత్తు, చివరి ఏడెనిమిది కిలోమీటర్లు ఎక్కుడే. ఈ జనవరికి లేదు, గ్రూపులో పేరు తీయించేయండి. దమ్ము పెంచే మందు లేదు.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు నిరుటి బీపీ చీటీ, జలుబు మాత్రల స్ట్రిప్, ఆ ఇన్‌హేలర్ పేరు పట్టుకెళ్ళండి. అమ్మగారు ఉంటే దారిలో ఫోన్ చేయండి. నాన్నగారికి ఆ చివరి వారాల్లో ఛాతీలో ఏమైనా అనిపించేదా, అప్పుడు ఆయన ఏమనేవారు, ఏం వేసుకునేవారు అని అడగండి. లోపల డాక్టరు అడిగే మొదటి నాలుగు ప్రశ్నల్లో అదొకటి.