ప్రీమియర్‌లో (అడోబీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) కట్ చేసిన షార్ట్ ఫిల్మ్‌ని గ్రేడింగ్‌కి, అంటే రంగులు, వెలుగు సరిదిద్దడానికి, డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎలా పంపాలి?

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం వెలుగులో తీసిన షాట్లంటున్నారు, గ్రేడింగ్ తప్పకుండా చేయించండి. ముందు ఎడిట్ లాక్ చేసి (ఇక మార్పులు లేవని ఖాయం చేసుకుని), టైమ్‌లైన్‌కి ఒక కాపీ తీయండి. అందులో మల్టీక్యామ్ క్లిప్పులు (చాలా కెమెరాల షాట్లు కలిపినవి) ఫ్లాటెన్ చేసి, అంటే వాడిన కెమెరా క్లిప్ మాత్రమే మిగిల్చి, నెస్టులు (ఒక క్లిప్‌గా కట్టిన క్లిప్పుల గుంపులు) విప్పి, ఎఫెక్టులు, టైటిల్స్ తీసేసి, ఫైనల్ కట్ ప్రో ఎక్స్ఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఈ ఎక్స్ఎంఎల్‌లో వీడియో ఉండదు. ఏ క్లిప్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వాడారన్న లెక్కే ఉంటుంది. అందుకే హార్డ్ డిస్క్‌లో ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసిన తేలిక కాపీలు) కాకుండా కెమెరా ఒరిజినల్స్ గ్రేడింగ్ చేసేవాళ్లకి ఇవ్వాలి, ఫైల్ పేర్లు మార్చకుండా.

చాలామంది మర్చిపోయేది రిఫరెన్స్ వీడియో. టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేమ్ సమయం చూపే అంకెలు) తెర మీద కనిపించేలా ఎడిట్ మొత్తం ఒక ఫైల్‌గా ఇవ్వండి. స్పీడ్ ర్యాంపులు (షాట్ వేగం మధ్యలో మారే చోట్లు), జూమ్‌లు రిజాల్వ్‌లో తరచూ తేడా కొడతాయి, ఆ రిఫరెన్స్ వీడియోతో పోల్చి చూస్తేనే ఆ తేడాలు దొరుకుతాయి. ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములో) 24 ఆ, 23.976 ఆ అన్నది మీడియా ఇంపోర్ట్ చేయకముందే రిజాల్వ్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో సరిచూసుకోండి, ఆ తర్వాత మార్చనివ్వదు.